సీలు ఎవరిని కాపాడుతోంది?

(సాలూరులో చేసిన స్మారకోపన్యాస పాఠం)

 

ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ ప్లీడరుగారిని మీలో చాలామంది నాకంటే బాగా ఎరుగుదురు. ఏజెన్సీ కేసు ఏది చేతికొచ్చినా ఆయన మొదట అడిగే మాట ఒకటే: “నకలు ఇచ్చారా?” పట్టా తగాదా కానివ్వండి, ఠాణా కేసు కానివ్వండి, కాగితం నకలు కక్షిదారు చేతికి రానిదే ఆయన వాదనకు లేచేవారు కాదు. ఈ సాయంత్రం నేను అడగబోయేది కూడా ఆ ప్రశ్నే. పోలీసుల దగ్గరా, కోర్టు బీరువాలోనూ రహస్యంగా ఉన్న కాగితాన్ని ఎప్పుడు విప్పాలి? ఎవరి కోసం దాచాలి? ఎన్నాళ్లు దాచాలి?

2023 ఏప్రిల్ నెలలో పక్కపక్కన పడిన రెండు తీర్పులతో మొదలుపెడతాను. ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు మీడియావన్ కేసులో తీర్పు చెప్పింది. అది కేరళ నుంచి నడిచే మలయాళ వార్తా చానల్. దాని అనుమతిని పొడిగించడానికి కేంద్రం ఒప్పుకోలేదు. కారణమేమిటంటే దేశభద్రత అన్నారు. ఆ కారణాలున్న కాగితాలను సీల్డ్ కవర్లో హైకోర్టుకు ఇచ్చారు, చానల్‌కు మాత్రం చూపలేదు. హైకోర్టు కవరు విప్పి చూసుకుని కేంద్రానిదే సబబంది. సుప్రీంకోర్టు ఆ పద్ధతిని తప్పుపట్టింది. ఎదుటి పక్షానికి తెలియని కాగితం మీద తీర్పు చెప్పడం సహజ న్యాయానికి విరుద్ధమనీ, దేశభద్రత పేరెత్తినంత మాత్రాన కోర్టులు చేతులు కట్టుకు కూర్చోవనీ చెప్పింది. ఆ మర్నాడే, ఏప్రిల్ 6న, విశాఖపట్నంలో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింది ప్రత్యేక కోర్టు వాకపల్లి కేసులో తీర్పు చెప్పింది. నిందితులైన 13 మంది పోలీసులూ నిర్దోషులని విడిచిపెట్టింది. మొదటి తీర్పును న్యాయశాస్త్ర విద్యార్థులు ఇవాళ పాఠంగా చదువుతున్నారు. రెండోది మన పక్క కొండల తీర్పు. దాన్ని మొదటి దాని పక్కన పెట్టి చదివినవాళ్లు నాకు తారసపడలేదు. నాకు మాత్రం ఆ రెండూ ఒకే ప్రశ్నకు రెండు ముఖాలుగా కనిపిస్తాయి.

వాకపల్లి జి. మాడుగుల మండలం నుర్మతి పంచాయతీలోని కోందుల ఊరు. అప్పట్లో విశాఖ జిల్లా, ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా. 2007 ఆగస్టు 20న మావోయిస్టుల కోసం కూంబింగ్‌కు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసు దళంలోని వాళ్లు తమపై అత్యాచారం చేశారని ఆ ఊరి స్త్రీలు 11 మంది ఫిర్యాదు చేశారు. సీఐడీ దర్యాప్తు చేసి ఆ ఆరోపణలో నిజం లేదని నివేదిక ఇచ్చింది. ఆ నివేదికను పక్కనపెట్టి పాడేరు మేజిస్ట్రేటు కోర్టు కేసును స్వీకరించింది. మొదట 21 మంది నిందితులు. 2012లో హైకోర్టు ఎనిమిది మంది మీద కేసు కొట్టేసి 13 మంది మీద నడవనిచ్చింది. నిందితులు సుప్రీంకోర్టుకెళ్లారు. 2017 సెప్టెంబరు 1న ఆ కోర్టు కేసు కొట్టివేయడానికి నిరాకరించి, ఆరు నెలల్లో విచారణ పూర్తిచేయమంది. తీర్పు వచ్చేసరికి ఘటన జరిగి పదిహేనేళ్లు దాటింది.

నిందితులను విడిచిపెడుతూనే ప్రత్యేక కోర్టు దర్యాప్తు అధికారుల వైఫల్యాన్ని ఎత్తిచూపింది. ఆ స్త్రీలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా పరిహారం ఇప్పించమని ఆదేశించింది. ఆ 13 మంది చట్టం దృష్టిలో నిర్దోషులు. ఆ మాటను నేనీ వేదిక మీద తిరగదోడను. నన్ను నిలదీసేది దానికి ముందరి సంగతి. గుర్తింపు పరేడ్ సరిగా జరగలేదు. ఒక్క నిమిషం దీని దగ్గర ఆగండి. ఆ రోజు ఆ దళంలో ఎవరెవరున్నారో పోలీసు శాఖకు తెలుసు. స్త్రీలకు తెలియదు. వాళ్లు చూసినవి ముఖాలు, పేర్లు కావు. యూనిఫాంలో ఉన్న అపరిచితుడి ముఖానికీ రిజిస్టరులోని పేరుకీ ముడివేసేది గుర్తింపు పరేడే. అది సకాలంలో జరక్కపోతే ఆ తర్వాత ఎంత గొప్ప న్యాయమూర్తి కూర్చున్నా, ఎంత మంచి ప్లీడరు వాదించినా, ఆ ముడి పడదు. పరేడ్ ఎందుకు సరిగా జరగలేదు? జరపొద్దని ఎవరన్నా అన్నారా? అన్నవాళ్లుంటే అది ఏ కాగితం మీద ఉంది? ఇందులో దేనికీ ఊళ్లో జవాబు లేదు. ఉంటే గింటే దర్యాప్తు ఫైల్లో ఉండాలి. కేసు డైరీలో ఉండాలి.

ఇక్కడ రెండు రహస్యాలు కలగలిసి ఉన్నాయి. వాటిని విడదీయకపోతే మనం దారి తప్పుతాం. మొదటిది ఆ 11 మంది స్త్రీల పేర్లు, ఆనవాళ్లు, మూసిన తలుపుల వెనక కోర్టులో వాళ్లు చెప్పిన మాటలు. ఆ పేర్లు అచ్చువేయడం నేరమని పాత శిక్షాస్మృతి 228ఎ చెప్పింది, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కూడా చెబుతోంది. అత్యాచార కేసుల విచారణ రహస్యంగా జరగాలన్న నియమమూ వాళ్ల కోసమే. ఆ మూత వాళ్లది. విప్పాలన్నా, ఉంచాలన్నా వాళ్లే చెప్పాలి. రెండోది దర్యాప్తు ఎలా సాగిందన్న రహస్యం: ఏ రోజు ఏ అధికారి ఎవరిని అడిగాడు, ఏం రాసుకున్నాడు, పై నుంచి ఏ ఉత్తర్వు వచ్చింది. ఈ రెండో మూతతో ఆ స్త్రీలకు ఒరిగేదేమీ లేదు. అది కార్యాలయాన్ని కాపాడుతుంది, అంతే. అయినా రెండింటికీ ఒకే తాళం వేసి, రెండూ “బాధితుల గౌరవం కోసమే” అంటే వినడానికి బాగుంటుంది. అది నిజం కాదు.

నా వాదనంతా ఈ తేడా మీదే నిలబడి ఉంది. రహస్యమన్నది మొదట సాక్షి కోసం పుట్టింది, ఆ తర్వాత నేరం రుజువుకాని మనిషి పరువు కోసం. రాజ్యం దాన్ని ఆ ఇద్దరి తరఫున దాచిపెడుతుంది. తన తప్పును తాను దాచుకోవడానికి రాజ్యం ఆ మూతను వాడుకోవడం మొదలైతే, ఆ రోజు నుంచి కోర్టుకు దాన్ని విప్పే బాధ్యత వచ్చినట్టే.

ఇదేదో మనకే వచ్చిన చిక్కు కాదు. అమెరికాలో పెద్ద నేరం మీద అభియోగం మోపాలా వద్దా అని తేల్చడానికి మామూలు పౌరులతో ఒక మండలి కూర్చుంటుంది, దాన్ని గ్రాండ్ జ్యూరీ అంటారు. తలుపులు మూసుకుని సాక్షులను విచారిస్తుంది. అక్కడ జరిగినది బయటపెట్టకూడదని వాళ్ల ఫెడరల్ నేరవిచారణ నియమాలలో ఆరోది చెబుతుంది. ఆ రహస్యానికి వాళ్లు చెప్పే కారణాలు సబబైనవే. సాక్షి భయపడకుండా మాట్లాడాలి, నిందితుడు ముందే తెలుసుకుని పారిపోకూడదు, అభియోగం నిలవకపోతే ఆ మనిషి పేరు బజారున పడకూడదు. గమనించండి, సాక్షి నోటికి మాత్రం ఆ ఫెడరల్ నియమం తాళం వేయదు. తాను చెప్పింది తాను బయట చెప్పుకోవచ్చు. జ్యూరీ సభ్యులకూ, ప్రాసిక్యూటర్లకూ, రాతగాళ్లకే ఆ కట్టడి. రహస్యం ఎవరి కోసం పుట్టిందో ఆ ఒక్క ఏర్పాటే చెప్పకనే చెబుతోంది.

గ్రాండ్ జ్యూరీ మనకు పూర్తిగా పరాయిది కూడా కాదు. మద్రాసు, కలకత్తా, బొంబాయి పట్టణాల్లో ఇంగ్లిషు వాళ్లు దాన్ని నడిపారు. 1865లో రద్దుచేశారు. మద్రాసులో పెద్దమనుషులు జ్యూరీగా కూర్చునే కాలంలోనే, 1839లో, గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, కలెక్టరును గవర్నరు ఏజెంటుగా చేసి ఆయన చేతిలో పెడుతూ 24వ నంబరు చట్టం తెచ్చారు. మన ‘ఏజెన్సీ’ పుట్టింది అక్కడే. పట్నంలో ఉన్న దొర మీద అభియోగం మోపాలంటే జ్యూరీ, కొండ మనిషి తగాదా తేల్చడానికి ఒక్క అధికారి. ఆ తర్వాత 1924 ఏజెన్సీ నిబంధనలు వచ్చాయి. షెడ్యూల్డ్ ప్రాంతంలో సివిలు తగాదాలు నేటికీ రెవెన్యూ అధికారుల ముందే నడుస్తాయి. ఫైలూ వాళ్లదే, తీర్పూ వాళ్లదే. ప్లీడరుగారు “నకలు ఇచ్చారా” అని అంత పట్టుపట్టడానికి వెనక ఇంత చరిత్ర ఉంది.

తిరిగి అమెరికా సంగతికి వస్తాను. వాకపల్లికి దగ్గరగా వచ్చే కథ ఒకటి అక్కడుంది. జార్జియా రాష్ట్రంలో మూర్స్ ఫోర్డ్ అనే వంతెన దగ్గర 1946 జులై 25న రెండు నల్లజాతి జంటలను తెల్లవాళ్ల గుంపు కార్లోంచి లాగి కాల్చి చంపింది. చనిపోయినవాళ్లలో ఒకాయన రెండో ప్రపంచయుద్ధంలో సైనికుడుగా పనిచేసి ఇంటికొచ్చినవాడు. అధ్యక్షుడు ట్రూమన్ దాకా వెళ్లింది విషయం. ఎఫ్‌బీఐ దిగింది. గ్రాండ్ జ్యూరీ కూర్చుని 106 మంది సాక్షులను విచారించింది. ఆ హత్యల మీద ఒక్కరిపై కూడా అభియోగం మోపలేదు. ఆ సాక్ష్యాలన్నీ సీలులో ఉండిపోయాయి. 2014లో ఆంథొనీ పిచ్ అనే చరిత్రకారుడు వాటిని తెరవమని కోర్టుకెళ్లాడు. అప్పటికి దాదాపు 70 ఏళ్లు గడిచిపోయాయి. కింది కోర్టు తెరవమంది, అప్పీలు కోర్టులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనమూ సరేనంది. ప్రభుత్వం అంతటితో ఆగలేదు. 2020 మార్చిలో ఆ అప్పీలు కోర్టు విస్తృత ధర్మాసనం, నియమంలో రాసిన మినహాయింపులు దాటి సీలు విప్పే అధికారం కోర్టుకు లేదని మెజారిటీతో తేల్చింది. పిచ్ అంతకుముందే, 2019లో, చనిపోయాడు. 

ఆ తీర్పుతో నేను ఏకీభవించను. ఎవరిని కాపాడటానికి ఇంకా ఆ సీలు? డెబ్బయ్ నాలుగేళ్ల తర్వాత పారిపోయే నిందితుడు ఎక్కడున్నాడు? అయితే ఆ న్యాయమూర్తుల బెంగ అర్థంకానిది కాదు. ఒక్కో జడ్జి తన మనసుకు తోచినట్టు చరిత్ర పేరు చెప్పి సీళ్లు విప్పుకుంటూ పోతే, రేపు సాక్షి ఎవడు నోరు విప్పుతాడన్నది వాళ్ల ప్రశ్న. దానికి జవాబు న్యూయార్కు వైపు అప్పీలు కోర్టు 1997లోనే ఇచ్చింది. క్రెయిగ్ అనే పరిశోధకుడు 1948 నాటి గ్రాండ్ జ్యూరీ సాక్ష్యం అడిగిన కేసది. ఆయనకు కాగితాలు దక్కలేదు కానీ, దేన్నిబట్టి విప్పాలో కోర్టు వివరంగా చెప్పింది. అడుగుతున్నదెవరు, ఎందుకు అడుగుతున్నారు, సరిగ్గా ఏ కాగితం కావాలి, ఎంతకాలం గడిచింది, ఆ సాక్షులు, వాళ్ల కుటుంబాలు బతికే ఉన్నారా, ఈసరికే ఎంతవరకు బయటికొచ్చింది, ఇంకా దాచాల్సిన అవసరం ఏదైనా మిగిలిందా? ఇవీ అది చూడమన్న సంగతులు. మన కోర్టులు ఇంత స్పష్టంగా ఒకచోట రాసిపెట్టుకోవలసింది. ఇన్ని మాటలూ తూచి చూసే కోర్టుకు మనసుకు తోచినట్టు విప్పే వీలుండదు.

అమెరికాలో ఆడపిల్లల మీద లైంగిక నేరాలు చేసిన ఎప్‌స్టీన్ వ్యవహారం మీరు పత్రికల్లో చూసే ఉంటారు. అక్కడ కూడా 2006 నాటి ఫ్లోరిడా గ్రాండ్ జ్యూరీ కాగితాలు బయటికి రావడానికి ఆ రాష్ట్ర శాసనసభ 2024లో ప్రత్యేకంగా చట్టం చేయవలసి వచ్చింది. ఆడపిల్లలు చెప్పిన మాటను ప్రాసిక్యూషనే ఎలా తేలిక చేసిందో ఆ కాగితాలు విప్పాకే జనానికి తెలిసింది. దాని మీద ఇంతకంటే చెప్పను, మన దగ్గర పని చాలా ఉంది.

సీలు విప్పడమంటే ఎలా ఉంటుందో తెలుగు నేల మీదే చూశాం. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలి మీద ఘోరం జరిగింది. డిసెంబరు 6 తెల్లవారుజామున, షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, పోలీసుల అదుపులో ఉన్న నలుగురు నిందితులూ కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ పూలు చూసి నాకు భయం వేసింది. ఎందుకో మన ప్రాంతం వాళ్లకు చెప్పనక్కర్లేదు. సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి సిర్పూర్కర్ అధ్యక్షతన కమిషన్ వేసింది. బొంబాయి హైకోర్టు మాజీ న్యాయమూర్తి రేఖా బల్డోటా, సీబీఐ మాజీ డైరెక్టరు కార్తికేయన్ సభ్యులు. 2022 జనవరిలో వాళ్లు నివేదికను సీల్డ్ కవర్లో ఇచ్చారు. దాన్ని అలాగే ఉంచమని రాష్ట్ర ప్రభుత్వం తరఫున వాదించారు. 2022 మే 20న ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ నాయకత్వంలోని ధర్మాసనం ఒప్పుకోలేదు. ఇందులో దేశభద్రత ఏముంది, దాచడానికేముంది అని అడిగి, నివేదికను ఇరుపక్షాలకూ ఇమ్మని, విషయాన్ని తెలంగాణ హైకోర్టుకు పంపింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారనీ, పదిమంది పోలీసు అధికారులను హత్యానేరం కింద విచారించాలనీ ఆ నివేదికలో ఉంది. ఆ తర్వాత హైకోర్టులో ఆ నివేదిక మీద వ్యాజ్యాలు నడిచాయి. పోలీసులకూ తమ వాదన చెప్పుకునే హక్కు ఉంది. కవరు విప్పినందువల్లనే కదా వాళ్లకు ఆ హక్కు దక్కింది! మూసిన నివేదికను ఎదిరించడం ఎవరివల్లా కాదు, బాధితుడి వల్ల ఎంత కాదో నిందితుడి వల్లా అంతే కాదు.

దీనికి నలభై ఏళ్ల ముందు మన రాష్ట్రంలోనే ఇంకో కమిషన్ కథ వేరుగా ముగిసింది. ఎమర్జెన్సీ ముగిశాక 1977లో జయప్రకాశ్ నారాయణ్ చొరవతో తార్కుండే కమిటీ ఏర్పడింది. మన కాళోజీ అందులో సభ్యుడు, కన్నబిరాన్ కన్వీనరు. ఎన్‌కౌంటర్ల పేరిట జరిగినవి కాల్చివేతలేనని ఆ కమిటీ ఊరూరూ తిరిగి సాక్ష్యాలు పోగుచేసింది. ఒత్తిడికి ప్రభుత్వం విశ్రాంత న్యాయమూర్తి భార్గవతో విచారణ కమిషన్ వేసింది. విచారణ బహిరంగంగా మొదలైంది. పల్లెటూరి మనుషులు వచ్చి సాక్ష్యం చెబుతున్న దశలో, ఇకమీదట రహస్యంగా, తలుపులు మూసి జరగాలని ప్రభుత్వం పట్టుపట్టింది. కన్నబిరాన్ పక్షం బయటికొచ్చేసింది. ఆ కమిషన్ ఏమీ తేల్చకుండానే ఆగిపోయింది. సాక్షులు అడిగి తలుపు మూయించుకోలేదు. వాళ్లు నలుగురిలో మాట్లాడటానికే వచ్చారు. తలుపు మూయించినది, ఎవరి మీద ఆరోపణ ఉందో ఆ పక్షమే. నేను ఇందాక చెప్పిన తేడా ఇంతకంటే స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

తెరిచిన తలుపూ, మూసిన తలుపూ మన ప్రాంతం వాళ్లకు పరాయి కథ కాదు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు నడిచి వెళ్తున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపితే కోరన్న, మంగన్న చనిపోయారు. ఆ కేసు బహిరంగ కోర్టులోనే నడిచింది, నిందితులు విడుదలయ్యారు. విప్పి ఉంచినంత మాత్రాన న్యాయం జరుగుతుందని నేననను. కానీ ఆ తీర్పు మీద ఇవాళ వాదించుకోగలం. 1970 జులై 10న శ్రీకాకుళ ఉద్యమ నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం మరణించినప్పుడు మిగిలింది ఎదురుకాల్పులన్న అధికారిక ప్రకటన. దాని మీద విచారణలో సాక్ష్యం లేదు, అడ్డుప్రశ్న లేదు. అర్ధశతాబ్దం దాటినా జనం రెండు కథలు చెప్పుకుంటూనే ఉన్నారు. వాళ్ల రాజకీయం మీకు నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు. ఒక మనిషి ఎలా చనిపోయాడన్నది రాజకీయాన్నిబట్టి మారకూడదు. 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ మాటే చట్టంగా చెప్పింది. పోలీసు కాల్పుల్లో ఎవరు చనిపోయినా ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలి, ఆత్మరక్షణ కోసమన్న మాట విచారణలో రుజువు కావాలి అంది. నెల తిరక్కుండా సుప్రీంకోర్టు దాని మీద స్టే ఇచ్చింది. తర్వాత 2014లో పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టే ఎన్‌కౌంటర్ మరణాల దర్యాప్తుకు మార్గదర్శకాలు ఇచ్చింది. 

ఇప్పుడు నా మాటకు ఎదురయ్యే బలమైన అభ్యంతరం చెబుతాను. అది హైదరాబాదులో కూర్చున్న వాళ్లకు అంత తెలియదు, మీకు తెలుసు. ఈ కొండల్లో పేరు బయటపడితే ప్రాణం పోతుంది. ఇన్‌ఫార్మరన్న ముద్ర వేసి మావోయిస్టులు చంపిన గిరిజనులు ఎందరో ఉన్నారు. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర శాసనసభ్యుడు కిడారి సర్వేశ్వరరావును, మాజీ శాసనసభ్యుడు సివేరి సోమను నడిరోడ్డు మీద చంపారు. అంతటి పెద్దవాళ్లకే రక్షణ లేని చోట, పోలీసుకు ఒక మాట చెప్పిన రైతు పేరు కాగితం మీద ఉంటే ఆ కాగితాన్ని విప్పమని నేను అడుగుతానా? అడగను. ఆ పేరు అతను బతికున్నంతకాలం, అతని పిల్లలకు ముప్పు ఉన్నంతకాలం మూసే ఉంచాలి. కేసు డైరీని నిందితుడు అడిగి తీసుకునే హక్కు లేదని పాత సీఆర్‌పీసీ 172, కొత్త నాగరిక్ సురక్షా సంహిత 192 చెప్పడంలో ఈ జాగ్రత్త కూడా ఉంది. 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం ఉద్దేశమూ అదే. అయితే ఆ రైతు పేరును దాచడానికి మొత్తం ఫైలును దాచనక్కర్లేదు. పేరు మీద నల్లసిరా పూయవచ్చు. ఆ పేరున్న పేజీని వెలుపల పెట్టవచ్చు. సమాచార హక్కు చట్టం పదో సెక్షన్ చెప్పేది అదే కదా: దాచవలసిన ముక్కను వేరుచేసి మిగతాది ఇవ్వాలని. మీడియావన్ తీర్పు కూడా హక్కుకు తక్కువ నష్టం చేసే దారి ఉండగా సీల్డ్ కవరు ఎందుకని అడిగింది.

కొత్త నాగరిక్ సురక్షా సంహితలో మంచి మార్పులు కొన్ని వచ్చాయి, గుర్తించాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా బాధితులకు చెప్పాలని 193వ సెక్షన్ అంటోంది. పోలీసు నివేదిక, కాగితాల నకళ్లు నిందితుడికే కాక, వకీలును పెట్టుకున్న బాధితులకూ ఇవ్వాలని 230వ సెక్షన్ అంటోంది. 2024 జులై 1 నుంచి ఇవి అమల్లో ఉన్నాయి. 2007లో ఇవి ఉండివుంటే వాకపల్లి స్త్రీల చేతికి ఏం వచ్చేదో ఆలోచించండి. మరోపక్క, చార్జిషీట్లను అందరికీ కనిపించేలా వెబ్‌సైట్లలో పెట్టనక్కర్లేదని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో పెట్టమని 2016లో తనే చెప్పింది, అత్యాచారం లాంటి సున్నితమైన కేసులను మినహాయించి. మనం ఈ రెండింటి నడుమ ఎక్కడో నిలబడి ఉన్నాం.

కోర్టు ముందు సీలు ప్రశ్న వచ్చినప్పుడు నేను కోరేది ఇదీ. మూసి ఉంచమన్నవాళ్లే కారణం చెప్పాలి, విప్పమన్నవాళ్లు కాదు. ఆ కారణం ఒక మనిషి పేరుతో ఉండాలి, ఆ మనిషికి వచ్చే ముప్పేమిటో ఉండాలి. ‘శాంతిభద్రతలు’, ‘పోలీసుల మనోధైర్యం’ అన్న రెండు మాటలు రాసి సంతకం పెడితే చాలదు. మూసిన రోజునే మళ్లీ విప్పి చూసే తేదీ రాసిపెట్టాలి. అధికారి తన ఉద్యోగంలో భాగంగా చేసిన పనిని, ఇచ్చిన ఉత్తర్వును, అతని ఇంటి విషయంలాగా దాచకూడదు. మామూలు మనిషి ఇంటి విషయాన్ని ఫైల్లో పడింది కదా అని ప్రభుత్వ విషయం చేయకూడదు. ఇంతకంటే ముఖ్యం, కాగితం బతికి ఉండాలి. పోలీసు, కోర్టు రికార్డులను నిర్ణీత కాలం గడిచాక తగలబెట్టే నియమాలున్నాయి. చెద ఉండనే ఉంది. సీలు విప్పమని ఉత్తర్వు వచ్చేనాటికి సంచిలో బూడిద తప్ప ఏమీ లేకపోతే ఆ ఉత్తర్వెందుకు? విచారణ నడుస్తున్నదీ, హింస ఆరోపణ ఉన్నదీ అయిన ప్రతి ఫైలునూ నాశనం చేయకుండా ఆపమని ముందుగా అడగాలి.

ఇక వాకపల్లి దగ్గరికే మళ్లీ వస్తున్నాను, ఒక తేదీ కోసం. సమాచార హక్కు చట్టం 8(3) అనే ఉపసెక్షన్‌ను మనవాళ్లు ఎక్కువ వాడరు. ఒక ఘటన జరిగి ఇరవై ఏళ్లు నిండితే, దాని గురించిన సమాచారానికి దేశ సార్వభౌమత్వం, శాసనసభల హక్కులు, మంత్రివర్గ పత్రాలు అన్న మూడు మినహాయింపులు తప్ప మిగతావేవీ అడ్డురావు. దర్యాప్తుకు ఆటంకమన్న మాట ఇక చెల్లదు. 2007 ఆగస్టు 20కి ఇరవై ఏళ్లు 2027 ఆగస్టు 20న నిండుతాయి. భద్రతా సంస్థలకు రాష్ట్రం మినహాయింపు ఇచ్చుకున్నా, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణకు అది వర్తించదని, సమాచార కమిషన్ ఆమోదంతో 45 రోజుల్లో ఇవ్వాలని 24వ సెక్షన్ చెబుతోంది. గుర్తింపు పరేడ్ ఎందుకు సరిగా జరగలేదో అడగడానికి దారి అక్కడ తెరుచుకుంటుంది.

కానీ అదే 8(3) ఉపసెక్షన్ నన్ను కలవరపెడుతోంది కూడా. మిగిలిన మూడు మినహాయింపుల్లో వ్యక్తిగత గోప్యత లేదు. అంటే ఇరవై ఏళ్లు నిండిన మర్నాడు ఎవరో వచ్చి, ఆ స్త్రీల వాంగ్మూలాలు ఇమ్మని అడిగితే, 8(3) మాటను ఉన్నదున్నట్టు చదివే అధికారి ఇచ్చేసినా ఇచ్చేయవచ్చు. న్యాయ సంహితలో అచ్చువేయకూడదని ఉంది, సరే. అడిగినవాడి చేతికి కాగితం వెళ్లకుండా ఆపేది ఏమిటి? అందువల్ల ఈ రెండు పనులూ కలిపి జరగాలి. దర్యాప్తు ఎలా సాగిందో చెప్పే కాగితం విప్పమని అడిగేవాళ్లు, ఆ స్త్రీల పేర్లూ మాటలూ మూసి ఉంచమని అదే రోజు అదే దరఖాస్తులో అడగాలి. హైకోర్టుకు వెళ్లవలసి వస్తే ఆ రెండో ప్రార్థనే ముందు రాయాలి.

ఇంకొకటి. కాగితం విప్పితే చాలదు, అది ఎవరికి అర్థం కావాలో వాళ్లకు అర్థం కావాలి. కోందుల ఇంటి భాష కువి. తీర్పులు ఇంగ్లిషులో వస్తాయి, నోటీసులు తెలుగులో వస్తాయి. పాచిపెంట, సాలూరు కొండల మీద జాతాపులు, గదబలు, కొండదొరలు కోర్టు కాగితం పట్టుకుని రోడ్డు మీదికి దిగి, లారీ ఆఫీసులో చదువుకున్న కుర్రాడెవడో కనిపిస్తే చదివించుకోవడం ఈ ఊళ్లో అందరూ చూసిందే. విప్పిన ఫైలును కువిలో ఊళ్లో కూర్చుని చదివి వినిపించే బాధ్యత న్యాయసేవాధికార సంస్థ తీసుకోవాలి. దానికి చట్టం మార్చక్కర్లేదు. పారా లీగల్ వలంటీర్లు ఉన్నారు, కువి వచ్చిన చదువుకున్న పిల్లలు పాడేరులోనూ, పార్వతీపురంలోనూ ఉన్నారు.

దరఖాస్తు ఎవరు రాస్తారని మీరు అడగవచ్చు. మీలో యువ న్యాయవాదులున్నారు, రాయడం వాళ్లకు అరగంట పని. అది రాయడానికి ముందు వాకపల్లి వెళ్లాలి. వెళ్లి, ఆ స్త్రీలను కూర్చోబెట్టి, ఏ కాగితం విప్పమని అడగబోతున్నామో, ఏది మూసి ఉంచమని అడగబోతున్నామో వాళ్ల భాషలో చెప్పాలి. వాళ్లు ఇష్టపడితే ముందుకెళ్లాలి. వద్దంటే, ఆ దరఖాస్తు రాయకూడదు.